పదవీ విరమణ తెలియని డాక్టరమ్మ

మన సంఘం ఈసారి మానసిక ఆరోగ్యం మీద ప్రత్యేక సంచిక తెస్తున్నదనీ, ఆ రంగంలో పేరుగాంచిన ఒకరి జీవితం గురించి రాయమనీ కార్యదర్శిగారు అడిగారు. నేను కావాలనే దూరదేశపు మనిషిని ఎంచుకున్నాను. ఆవిడ పేరు డాక్టర్ నీజి ద సిల్వేరా. బ్రెజిల్ దేశస్థురాలు. 1905లో పుట్టి, 1999లో కన్నుమూశారు. మానసిక రోగుల చేతికి కుంచె, రంగులు, మట్టిముద్ద, సంగీతం ఇచ్చి వాళ్లను మళ్లీ మనుషుల మధ్యకు తీసుకురావడానికి జీవితమంతా పాటుపడిన వైద్యురాలు.

మానసిక వైద్యులు చాలామంది ఉన్నారు. ఈవిడే ఎందుకంటే, ఆవిడ కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి. పోటీపరీక్ష రాసి సర్వీసులో చేరారు. ఎవరో చేసిన ఫిర్యాదు మీద ఉద్యోగం పోయింది. ఎనిమిదేళ్ల తరువాత తిరిగి తీసుకున్నారు. చెప్పిన పని చెయ్యనన్నందుకు ఎవరికీ అక్కరలేని ఒక సెక్షనుకు వేశారు. ఆ సెక్షనులోనే ఆవిడ చరిత్ర సృష్టించారు. వయసు నిండాక అందరిలాగే రిటైరయ్యారు. రిటైరైన మర్నాడు ఏం చేశారన్నది మనబోటివాళ్లు తెలుసుకోవలసిన సంగతి. అది దాని చోట చెబుతాను.

బాల్యం, చదువు

బ్రెజిల్ ఈశాన్య భాగంలో అలగోవాస్ అని ఒక చిన్న రాష్ట్రం. చెరకు తోటలకు పేరు, బీదరికానికీ పేరే. దాని రాజధాని మసెయో నగరంలో 1905 ఫిబ్రవరి 15న నీజి పుట్టారు. తండ్రి లెక్కల మాస్టారు, పత్రికలకు రాసేవారు. తల్లి పియానో వాయించేవారు. ఆ దంపతులకు ఆవిడ ఒక్కతే బిడ్డ. ఒక పక్క లెక్కలు, ఒక పక్క సంగీతం, మధ్యలో పుస్తకాలు. అలాంటి ఇంట్లో పెరిగారు.

ఆడపిల్లలకు వైద్యవిద్య ఏమిటని అనుకునే రోజుల్లో బహియా వైద్య కళాశాలలో చేరారు. 1926లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తరగతిలో 150 మందికి పైగా మగపిల్లలుంటే వాళ్లలో ఆవిడ ఒక్కరే స్త్రీ. పట్టా కోసం రాసిన సిద్ధాంతవ్యాసం కూడా బహియాలో నేరాలు చేసిన స్త్రీల గురించి. సమాజం వెలివేసినవాళ్ల వైపు ఆవిడ చూపు అప్పుడే మళ్లిందని మనం అనుకోవచ్చు. తోటి విద్యార్థీ, బంధువూ అయిన మారియోను పెళ్లి చేసుకున్నారు. ఆయన ప్రజారోగ్య రంగంలో పనిచేసిన వైద్యుడు. 1927లో తండ్రి పోయారు. ఆ తరువాత భార్యాభర్తలిద్దరూ అప్పటి దేశ రాజధాని రియో డి జనీరోకు వచ్చేశారు. పిల్లలు వద్దనుకుని పనికే అంకితమయ్యారు.

ఉద్యోగం, జైలు

1933లో మనోవైద్యుల ఉద్యోగాలకు జరిగిన పరీక్షలో నెగ్గి, రియోలోని ప్రాయా వెర్మెల్యా మానసిక చికిత్సాలయంలో చేరారు. బస కూడా ఆ ఆసుపత్రి ఆవరణలోనే. అంతా సవ్యంగా ఉందనుకునేలోపు దేశ రాజకీయాలు మారాయి. 1935 నవంబరులో కమ్యూనిస్టుల తిరుగుబాటు జరిగింది. అది విఫలమయ్యాక గెటూలియో వార్గాస్ ప్రభుత్వం అనుమానితులను వరసగా అరెస్టు చేసింది. నీజి గదిలో మార్క్సిస్టు పుస్తకాలున్నాయని అదే ఆసుపత్రిలోని నర్సు ఒకామె పైవాళ్లకు తెలియజేసింది. 1936లో ఆవిడను తీసుకుపోయి జైల్లో పెట్టారు. సుమారు ఏడాదిన్నర ఉన్నారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఆసుపత్రిలో లూయీజా అనే రోగి ఉండేది. రోజూ నీజి గదికి ఫలహారం తెచ్చిపెట్టేది. తన డాక్టరమ్మను జైలుకు పంపింది ఫలానా నర్సు అని తెలిసి, ఆ రోగి వెళ్లి ఆ నర్సును చితకబాదింది. కొట్టడం మంచిదని నేననను. కాని ఆ రోజుల్లో వైద్యగ్రంథాలు ఏం చెప్పేవంటే, స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్లకు ప్రేమాభిమానాలు ఎండిపోతాయని, వాళ్ల లోపల ఏమీ మిగలదని. ఈ సంగతి విన్న నీజికి ఆ మాట తప్పని తేలిపోయింది. ఆవిడ తరువాత చేసిన పనంతటికీ పునాది అదే.

జైల్లో ఆవిడతో పాటు ఉన్నవాళ్లలో ఓల్గా బెనారియో ఒకరు. గర్భవతిగా ఉండగానే ఆమెను హిట్లర్ జర్మనీకి అప్పగించారు. 1942లో అక్కడ నాజీలు చంపేశారు. బ్రెజిల్ మహారచయిత గ్రసీలియానో రామోస్ కూడా అప్పుడు ఆ జైల్లోనే ఉన్నారు. ఆయనదీ అలగోవాస్ రాష్ట్రమే. ఆయన జైలు జ్ఞాపకాల గ్రంథం 1953లో వెలువడింది. అందులో సొంత ఊరివైపు నుంచి వచ్చిన ఈ బక్కపలచని, బిడియపు డాక్టరమ్మ కనిపిస్తారు. బయటినుంచి గడియపెట్టిన గదిలో పొద్దు గడవడమంటే ఏమిటో నీజి స్వయంగా తెలుసుకున్నది అక్కడే.

విడుదలయ్యాక కూడా ఉద్యోగం తిరిగి రాలేదు. అరెస్టు భయంతో ఊళ్లు తిరిగారు. ఆ కాలంలో డచ్చి తత్త్వవేత్త స్పినోజా గ్రంథాలను చదివారు. 1944లో ప్రభుత్వం తిరిగి సర్వీసులోకి తీసుకుంది. అప్పటికి ఆవిడ వయసు 39 ఏళ్లు.

బటన్ నొక్కని చెయ్యి

కొత్త పోస్టింగు రియో శివారులోని ఎంజెన్యో ద దెంత్రో అనే పేటలో. అది రైల్వే పనివారుండే పేట. అక్కడ జాతీయ మనోవైద్య కేంద్రం ఉంది. ఆవిడ సర్వీసులో లేని ఎనిమిదేళ్లలో మనోవైద్యంలో కొత్త పద్ధతులు వచ్చాయి. ఇన్సులిన్ ఇచ్చి రోగిని స్పృహ తప్పించడం ఒకటి. తలకు కరెంటు షాకు ఇవ్వడం ఇంకొకటి. మెదడు ముందు భాగంలోని తంతువులను కోసే లోబోటమీ మూడోది. ఈ మూడోదానిని కనిపెట్టినందుకే పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. అంటే ఆనాడు ఇవన్నీ ఆధునిక వైద్యమే. కాదన్నవాళ్లే వెనకబడినవాళ్లు.

ఒక సహోద్యోగి వైద్యుడు ఆవిడకు షాకు యంత్రం చూపించారు. ఒక రోగిని పడుకోబెట్టి బటన్ నొక్కారు. ఆ మనిషి గిలగిల కొట్టుకున్నాడు. రెండో రోగిని తెచ్చి, ఈసారి మీరు నొక్కండన్నారు. ఆవిడ నొక్కనన్నారు. అంతే. పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

ఒక విషయం పాఠకులకు స్పష్టం చెయ్యాలి. ఆ రోజుల్లో మత్తుమందు లేకుండానే షాకు ఇచ్చేవారు. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు వంటి కొన్ని జబ్బులకు మాత్రమే డాక్టర్లు ఆ చికిత్స చేస్తున్నారు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు లేకుండా షాకు ఇవ్వడాన్ని నిషేధించింది కూడా. కాబట్టి ఈ కథ చదివి ఎవరూ తమ ఇంటి రోగికి డాక్టరు చెప్పిన చికిత్స మాన్పించకూడదు.

ఎవరూ కోరని సెక్షను

చికిత్స చెయ్యననే డాక్టరును ఏం చెయ్యాలి? ఆసుపత్రిలో వృత్తిచికిత్స అనే విభాగం ఒకటి పేరుకు ఉండేది. ఆచరణలో అదేమిటంటే, రోగుల చేత నేల ఊడిపించడం, మరుగుదొడ్లు కడిగించడం. మన భాషలో చెప్పాలంటే లూప్‌లైను పోస్టు. 1946లో నీజి దాన్ని తీసుకున్నారు.

మొదట కుట్టుపని గది తెరిచారు. తరువాత బైండింగు, వడ్రంగం, తోటపని, సంగీతం, నాట్యం, నాటకం, ఇలా ఒక్కొక్కటే చేర్చుకుంటూ కాలక్రమంలో 17 రకాల పనులు పెట్టారు. 1946 సెప్టెంబరులో చిత్రలేఖనం గది తెరిచారు. ఆ ఆసుపత్రిలోనే చిన్న ఉద్యోగం చేస్తున్న అల్మీర్ మవిన్యే అనే యువకుడు ఆవిడకు తోడయ్యాడు. అతనికి బొమ్మలంటే ప్రాణం. తరువాతి కాలంలో పెద్ద చిత్రకారుడయ్యాడు.

ఆ గదిలో పాఠాలు లేవు. ఇలా గియ్యి, ఈ రంగు వెయ్యి అని ఎవరూ చెప్పరు. బాగుంది, బాగాలేదు అని మార్కులు వెయ్యరు. కాగితం, రంగులు ఉంటాయి. మాట్లాడకుండా పక్కన కూర్చునే మనిషి ఉంటాడు. ఆ పక్కన కూర్చునే మనిషి చాలా ముఖ్యమని నీజి నమ్మకం. ఆ మనిషి ఆప్యాయత లేనిదే రంగులూ కాగితమూ ఏమీ చెయ్యవని చెప్పేవారు. రోగి అనే మాట కూడా వాడనిచ్చేవారు కాదు. క్లయింట్లు అనమనేవారు. అంటే సేవ పొందేవాళ్లు, మనం సేవ చెయ్యవలసినవాళ్లు అని.

ఆ గదిలోకి వచ్చినవాళ్లు

ఎమిగ్దియో ద బారోస్ 1895లో పుట్టాడు. నౌకాదళం కర్మాగారంలో లేత్ పనివాడు. పనిలో నేర్పరి అని ఫ్రాన్సుకు శిక్షణకు పంపారు. తిరిగి వచ్చాక మతి చెడింది. 1924 నుంచి ఆసుపత్రిలోనే. 23 ఏళ్లు ఒక మూల మాటాపలుకూ లేకుండా ఉన్నాడు. ఒకరోజు సిబ్బందిలో ఒకాయన మిగతావాళ్లను పనిగదులకు తీసుకువెళ్తుంటే, ఎమిగ్దియో చూపులో తననూ తీసుకెళ్లమనే కోరిక కనిపించిందట. లిస్టులో పేరు లేకపోయినా తీసుకువెళ్లాడు. ఆ ముసలివాడు కుంచె పట్టుకుని వేసిన బొమ్మలను చూసి కళావిమర్శకులు విస్తుపోయారు. లిస్టులో లేని మనిషి కళ్లలోకి చూసిన ఆ చిరుద్యోగికి కూడా ఈ కీర్తిలో భాగం ఉందని నేను అనుకుంటాను.

అడెలీనా గోమెస్ బీద రైతు కుటుంబపు పిల్ల. పద్దెనిమిదో ఏట ఒకరిని ప్రేమించింది. తల్లి ఒప్పుకోలేదు. తల్లి మాట విని మానేసింది గాని, రానురాను లోపలికి ముడుచుకుపోయింది. ఒకనాడు ఇంట్లోని పెంపుడు పిల్లిని గొంతు పిసికి చంపింది. 1937లో ఆసుపత్రిలో చేర్చారు. దగ్గరికి వెళ్తే మీదపడే మనిషి అని అందరూ భయపడేవారు. ఆమె మట్టితో భయంకరమైన స్త్రీమూర్తులను చేసింది. తరువాత పువ్వుగా మారిపోతున్న స్త్రీల బొమ్మలను వేసింది. గ్రీకు పురాణంలో వెంటపడే దేవుణ్ణి తప్పించుకోవడానికి చెట్టుగా మారిపోయిన డాఫ్నీ అనే కన్య కథ ఉంది. అడెలీనా ఆ పురాణం చదవలేదు. ఆమె కథా అదేనని నీజి గుర్తించారు.

ఫెర్నాందో దినీజ్ నల్లజాతివాడు. తల్లి బట్టలు కుట్టేది. కొడుకును వెంటబెట్టుకుని డబ్బున్న వాళ్ల ఇళ్లకు కుట్టుపనికి వెళ్లేది. ఆ ఇళ్లలోని పియానోలు, తివాచీలు, పళ్లెంలో పళ్లు ఆ పిల్లవాడి కళ్లలో నిలిచిపోయాయి. యజమాని కూతురంటే ఇష్టం, ఇంజనీరు కావాలని ఆశ. రెండూ తీరలేదు. 1944లో సముద్రంలో బట్టలు లేకుండా ఈదాడని పోలీసులు పట్టుకుని ఆసుపత్రికి పంపారు. చిత్రలేఖనం గదిలో అతను మొదట వస్తువులన్నీ కలగాపులగంగా వేశాడు. క్రమంగా ఒక్కొక్క వస్తువునూ విడిగా, ఆపైన గోడ, నేల, కిటికీ, చివరికి గది మొత్తం. కూలిపోయిన ఇంటిని ఇటుక ఇటుకగా మళ్లీ కట్టుకున్నట్టు. దాదాపు 30 వేల చిత్రాలు వేశాడంటారు.

అందరి కథా ఇలా సాగలేదు. లూసియో అనే శిల్పి ఉండేవాడు. నీజి ఎంత వద్దన్నా 1949లో అతనికి లోబోటమీ చేశారు. అంతకుముందు బలమైన యోధుల మూర్తులను చేసిన చేతులు, ఆ తరువాత చిన్నపిల్లలు మట్టితో ఆడుకున్నట్టు ఏవో ముద్దలు చేశాయి. రెండు రకాల శిల్పాలనూ ఆవిడ పక్కపక్కన పెట్టి చూపించేవారు. నోబెల్ బహుమతికి ఆవిడ ఇచ్చిన జవాబు అదే.

ప్రదర్శనలు, యూంగ్

1947లో రియోలోనూ, 1949లో సావోపాలో ఆధునిక కళా మ్యూజియంలోనూ ఈ బొమ్మలను ప్రదర్శించారు. పిచ్చివాళ్ల గీతలు కళ ఎలా అవుతాయని కొందరన్నారు. మారియో పెద్రోజా వంటి విమర్శకులు గట్టిగా సమర్థించారు. ఆవిడకు మాత్రం కళా కాదా అనే వాదం మీద పట్టింపు లేదు. ఆ మనిషి లోపల ఏం జరుగుతున్నదో ఆ కాగితం చెబుతున్నది, అది చాలు. బొమ్మలను పారేయకుండా, తేదీల వారీగా ఒక మనిషివన్నీ ఒకచోట భద్రపరిచారు. ఫైళ్లు నడిపిన మనకు ఆ పని విలువ తెలుసు. 1952లో అది అచేతన చిత్రాల మ్యూజియంగా ఏర్పడింది. ఇప్పుడందులో మూడున్నర లక్షలకు పైగా కృతులున్నాయి.

బొమ్మల్లో గుండ్రని ఆకారాలు పదేపదే వస్తున్నాయి. మన మండలాల వంటివి. ముగ్గు వేసే మన ఆడవాళ్లకు చెబితే వెంటనే అర్థమయ్యే ఆకారాలు. ముక్కలైన మనసు గుండ్రని ఆకారాలు ఎందుకు వేస్తుంది? ఈ ప్రశ్నతో 1954లో స్విట్జర్లాండులోని మనోవైజ్ఞానికుడు కార్ల్ యూంగ్‌కు ఫొటోలు జతచేసి ఉత్తరం రాశారు. అవి మండలాలేననీ, చెదిరిన మనసు తనను తాను కూడగట్టుకునే ప్రయత్నమనీ జవాబు వచ్చింది. 1957లో జూరిక్‌లో జరిగిన ప్రపంచ మనోవైద్య మహాసభలో ఆవిడ క్లయింట్ల చిత్రాల ప్రదర్శనను యూంగ్ స్వయంగా ప్రారంభించారు. పురాణకథలు చదవమని సలహా ఇచ్చారు. రియో శివారులోని ఒక సర్కారు ఆసుపత్రి గది అక్కడికి చేరింది.

ఇంటికీ ఆసుపత్రికీ మధ్య

ఆసుపత్రి నుంచి పంపినవాళ్లు కొద్ది నెలలకే తిరిగి వస్తున్నారు. బయట వాళ్లకు చోటు లేదు. ఈ బాధతో 1956లో కొందరు మిత్రులతో కలిసి కాజా దస్ పల్మేరాస్ అనే కేంద్రం స్థాపించారు. పొద్దున రావచ్చు, సాయంత్రం ఇంటికి పోవచ్చు. తలుపులకు తాళాలు లేవు. లాభాపేక్ష లేదు. బొమ్మలు, సంగీతం, చేతిపనులు, కబుర్లు.

జంతువులను కూడా ఆవిడ సహవైద్యులుగా లెక్కపెట్టారు. ఆసుపత్రి ఆవరణలో ఆకలితో పడివున్న ఒక కుక్కపిల్లను చూసి, దాన్ని చూసుకుంటావా అని ఒక క్లయింటును అడిగారు. మనుషులతో మాట్లాడని ఆ మనిషి కుక్కపిల్ల కోసం మాట్లాడటం మొదలుపెట్టాడు. తరువాత ఆవరణ నిండా కుక్కలూ పిల్లులూ చేరాయి. గిట్టనివాళ్లు కొన్ని కుక్కలకు విషం పెట్టి చంపారు. కార్యాలయ రాజకీయం అంతటా ఒక్కటే.

ఆవిడ దగ్గర బొమ్మలు వేసినవాళ్లందరూ నయమై ఇళ్లకు వెళ్లిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. కొందరు చివరిదాకా ఆసుపత్రి ఆసరాతోనే బతికారు. కాని మూలన గోడకు ముఖం పెట్టి బతకడం వేరు, పొద్దున లేవగానే వెళ్లవలసిన గది ఒకటి ఉండటం వేరు. ఆవిడ ఇచ్చినది ఆ గది.

రిటైరైన మర్నాడు

1975లో 70 ఏళ్లు నిండాయి. నిబంధన ప్రకారం పదవీ విరమణ. దండలు వేసి పంపించే సందర్భం. మర్నాడు పొద్దున్నే ఆవిడ అదే విభాగానికి వచ్చి, జీతం లేని శిక్షణార్థిగా తనను చేర్చుకోమని అడిగారు. నిన్నటిదాకా విభాగాధిపతి, ఇవాళ ట్రెయినీ. హోదా పోయింది గాని పని పోలేదు. అప్పటినుంచి పాతికేళ్లపాటు చదువుతూ, రాస్తూ, ఇంట్లో పిల్లుల మధ్య పుస్తక గోష్ఠులు నడుపుతూ గడిపారు. చివరి సంవత్సరాల్లో చక్రాల కుర్చీలో ఉన్నా గోష్ఠులు ఆగలేదు. ముఖ్యమైన పుస్తకాలు ఎక్కువగా రిటైరయ్యాకే వచ్చాయి. పెద్ద గ్రంథం 1981లో, ఆవిడ 76వ ఏట వచ్చింది. మూడు వందల ఏళ్ల కిందట చనిపోయిన స్పినోజాకు ఉత్తరాలు రాసి, వాటిని 1995లో పుస్తకంగా వేశారు. 1999 అక్టోబరు 30న, 94 ఏళ్ల వయసులో రియోలో మరణించారు.

ఆ ఆసుపత్రికి ఇప్పుడు ఆవిడ పేరే. 2001లో ఆ పేటలో రోగులు, వాళ్ల కుటుంబాలు, సిబ్బంది, ఇరుగుపొరుగు కలిసి డప్పులతో, పాటలతో కార్నివాల్ ఊరేగింపు మొదలుపెట్టారు. అదే ఏడు దీర్ఘకాలం ఆసుపత్రుల్లో బంధించే పద్ధతికి స్వస్తి చెప్పే దిశగా బ్రెజిల్ చట్టం చేసింది. 2015లో ఆవిడ మీద తీసిన సినిమాకు టోక్యో చలనచిత్రోత్సవంలో మొదటి బహుమతి వచ్చింది. 2022లో దేశవీరుల గ్రంథంలో ఆవిడ పేరు చేర్చారు.

మనం చెయ్యగలది

2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయిన సంగతి మనమెవరం మరిచిపోలేం. మన సభ్యుల ఇళ్లలో కూడా వెనకగదిలో ఉండే కొడుకో, కూతురో, తమ్ముడో ఉన్నారు. నలుగురిలో చెప్పుకోరు. మన తరువాత వీడి గతేమిటన్న దిగులు ఒక్కటే. అలాంటి తల్లిదండ్రులకు రెండు మాటలు. సంపాదించుకోలేని మానసిక వైకల్యమున్న సంతానానికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలు మన నిబంధనల్లో ఉంది. వైద్య ధృవపత్రంతో మీరుండగానే పేరు నమోదు చేయించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు డాక్టరు చెప్పినట్టే వాడండి.

మందు పని మందు చేస్తుంది. పక్కన కూర్చునే పని మనది. మన సంఘంలో డ్రాయింగు మాస్టార్లుగా రిటైరైనవాళ్లున్నారు. వీణ, హార్మోనియం, మృదంగం తెలిసినవాళ్లున్నారు. భజన బాగా పాడేవాళ్లకు కొదవ లేదు. వారానికి ఒక పూట సంఘ భవనంలో ఒక గది, కొన్ని కాగితాలు, రంగులు, ఒక శ్రుతిపెట్టె. వచ్చినవాళ్లకు ఏదీ నేర్పవద్దు, దిద్దవద్దు. ఊరికే పక్కన కూర్చుంటే చాలు. దీనికి జిల్లా ఆసుపత్రి మనోవైద్యుని సలహా తీసుకుని ఒక పద్ధతి ఏర్పరచమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వారానికి రెండు గంటలు ఇవ్వగల సభ్యులు కార్యదర్శిగారి దగ్గర పేర్లు నమోదు చేసుకోగలరు. మొదటి పేరుగా నాది రాసుకోమని ఈ వ్యాసంతో పాటే చీటీ పంపుతున్నాను.